లెఫ్టినెంటు గారికి, రికవరీ తాతయ్య రాయునది

అమ్మలూ,

నాలుగు రోజుల కిందట సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు ట్యాంకుల వర్క్‌షాపుకి పోస్టింగ్ వచ్చిందని, అందులోనూ రికవరీ పని, అంటే దిగబడ్డ బండ్లని బయటికి లాగే పని, కావాలని నువ్వే అడిగి తీసుకున్నావని చెప్పింది. "అడిగి మరీ నాన్నా" అన్నప్పుడు దాని గొంతు దిగిపోయింది. నేనేమీ అనకుండా ఫోన్ అమ్మమ్మ చేతిలో పెట్టి చెరువు గట్టు మీదికి పోయాను. కాసేపు నవ్వొచ్చింది. కాసేపు కాళ్ళు వణికాయి. డెబ్బై రెండేళ్ళవాడికి కాళ్ళు వణకడం పెద్ద సంగతి కాదనుకో, కానీ ఇది ఆ వణుకు కాదు.

రాత్రి భోజనాలయ్యాక కూచుని ఇది మొదలుపెట్టాను. ఫోన్‌లో చెబితే "సరే తాతయ్యా, సరే తాతయ్యా" అనేసి పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తీసి చదువుతావు.

ముందు మర్యాదల సంగతి తేల్చుకుందాం. నేను 1971లో సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్‌కి, అంటే సైన్యంలో బండ్లూ ఆయుధాలూ బాగుచేసే శాఖకి, రేకు పెట్టెతో రైలు దిగిన రంగ్రూటుని. ఇరవై నాలుగేళ్ళు చేసి నాయబ్ సుబేదార్‌గా ఇంటికొచ్చాను. నువ్వు చెన్నై అకాడెమీ నుంచి భుజానికి రెండు నక్షత్రాలతో మొదలెట్టావు. అంచేత రూలు ప్రకారం సెల్యూట్ కొట్టాల్సింది నేను. కొడతాను, సిగ్గేం లేదు. కానీ ఈ ఉత్తరం అయ్యేదాకా నువ్వు నా మనవరాలివి. తిట్టాల్సిన చోట తిడతాను.

మీ అమ్మ భయం వేరు. "ఆడపిల్ల ఆ బురదలో ఏంటి నాన్నా" అంటుంది. దానికి అమ్మమ్మ ఫోన్‌లోనే "మన ఊళ్ళో నాట్లేసేది ఆడవాళ్ళు కాక మొగాళ్ళా? మోకాలి లోతు బురదలో పొద్దస్తమానం వంగి ఎవరుంటున్నారే?" అని అడిగింది. మీ అమ్మ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. నేను రిటైరయ్యే ముందు, 1993లో, మొదటిసారి ఆడ ఆఫీసర్లు అకాడెమీ నుంచి బయటికొచ్చారని విన్నప్పుడు మా మెస్సులో అందరం నవ్వుకున్నాం. ఆ నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడు చెబుతున్నాను, ఏమనుకోకు.

ఈ పనేంటో మనవాళ్ళకి చెప్పడం ఎప్పుడూ కష్టమే. పెళ్ళిచూపుల్లో అమ్మమ్మ వాళ్ళ నాన్నగారు "మిలిటరీలో ఏం చేస్తావు బాబూ" అని అడిగారు. "దిగబడ్డ ట్యాంకుల్ని లాగుతానండి" అన్నాను. ఆయన కాస్త ఆలోచించి "అంటే, లారీ క్లీనరా?" అన్నారు. అయినా పిల్లనిచ్చారు, మహానుభావుడు.

మా కాలంలో రికవరీ బండి వీటీ-55. చెకోస్లొవేకియా నుంచి వచ్చింది. టీ-55 ట్యాంకు ఒళ్ళే, కాకపోతే టరెట్టూ (పైన తిరిగే గూడు) ఫిరంగీ ఉండవు. వాటి బదులు డ్రమ్ముకి తాడు చుట్టుకుంటూ లాగే వించి, చిన్న క్రేను, నేలలో దిగ్గొట్టే స్పేడు. నీకు దొరికేది డబ్ల్యూజెడ్‌టీ-3 కావచ్చు. పోలండ్ వాళ్ళ డిజైను, మన బెమెల్ కంపెనీ వాళ్ళు కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో కట్టారు. 15 టన్నులెత్తే క్రేను దానికి. ట్యాంకు ఇంజను మొత్తం పైకెత్తి, బయలులోనే ఇంకోటి దింపొచ్చు. మాకలాంటిది ఉండుంటే సగం నడుంనొప్పులు ఉండేవి కావు.

చిన్న చిన్నవి గబగబా చెప్పేస్తాను, ఇవన్నీ నీ కోర్సులో ఉన్నవే. తొడుగుల్లేకుండా వైర్ రోప్ ముట్టుకోకు. తొడుగులున్నా తాడుని చేతిలోంచి జారనివ్వకు, తెగిన పోగు ఒక్కటి చాలు అరచెయ్యి చీరెయ్యడానికి. డ్రమ్ము మీద చివరి నాలుగు చుట్లూ ఎప్పుడూ ఉండాలి. బ్రేకుల్లేని ట్యాంకుని తాడుతో లాక్కురాకు, టో బార్ (లాగే ఇనప కడ్డీ) వెయ్యి, లేకపోతే దిగుడులో అదే నీ వీపు మీదికొస్తుంది. ఫిరంగి ఖాళీగా ఉందో లేదో నీ కళ్ళతో చూసుకో. వించి నడుస్తున్నప్పుడు సిగ్నల్ ఒక్కరే ఇవ్వాలి. ఆపమని మాత్రం ఎవరన్నా చెప్పొచ్చు, లంగర్‌లో గిన్నెలు కడిగే కుర్రాడైనా సరే.

ఇక బురద లెక్క. దీని మీద కాస్త ఆగుతాను.

బండి చక్రాల మేర మునిగితే బురద పట్టు బండి బరువంత. ఫెండర్ల దాకా, అంటే చక్రాల మీది రేకుల దాకా, మునిగితే రెండింతలు. టరెట్ దాకా మునిగితే మూడింతలు. టీ-72 బరువు 41 టన్నులు కదా, టరెట్ దాకా కూరుకుపోతే నువ్వు లాగేది నూట ఇరవై టన్నుల పైమాట. నీ వించికి ఒంటి తాడు మీద అంత దమ్ము లేదు, ఏ వించికీ ఉండదు. అందుకే స్నాచ్ బ్లాకు. పక్క తలుపు తెరుచుకునే గిలక అది, తాడు కొస దూర్చక్కర్లేకుండా మధ్యలోనే పెట్టెయ్యొచ్చు. ఒక గిలక ట్యాంకుకి కడితే బలం రెట్టింపు, వేగం సగం. తిరిగే ప్రతి గిలకా పదో వంతు దాకా తినేస్తుంది, ఆ తరుగు కూడా లెక్కలో వెయ్యి. నూతి గిలక దగ్గర పుట్టి పెరిగిన వాళ్ళకి ఈ తరుగు కొత్తేం కాదు.

లెక్క కన్నా ముందు పార. ట్రాకుల ముందు, అంటే చక్రాల చుట్టూ తిరిగే ఇనప పట్టాల ముందు, తవ్వు, పొట్ట కింద తవ్వు, బురదకీ ఇనుముకీ మధ్య గాలి దూరనివ్వు. గాలి దూరకపోతే బురద జలగలా పట్టేస్తుంది. రష్యా ట్యాంకుల వెనకాల ఒక చెక్క దుంగ కట్టి ఉంటుంది చూశావా? మొదటిసారి చూసినప్పుడు వంటచెరుకు అనుకున్నాను. ట్రాకులకి అడ్డంగా కట్టి నడిపితే అది కిందకెళ్ళి ట్యాంకుకి మెట్టవుతుంది. దిగబడిన పది ట్యాంకుల్లో కొన్నింటికి మన అవసరమే రాదు, ఆ దుంగ చాలు. ముందు ఆ సంగతి అడుగు, తర్వాత నీ తాడు విప్పు.

ఇంకోటి, వచ్చిన దారినే వెనక్కి లాగు. ముందుకి లాగితే ఇంకా తాకని బురదని తోసుకుంటూ రావాలి. వెనక్కైతే అది చేసుకున్న గాడి ఉండనే ఉంది. మా నాన్న ఎడ్లబండి బోదెలో దిగబడితే ఎడ్లని విప్పి వెనకవైపు కట్టేవాడు. ఎవరు నేర్పారో తెలీదు.

పోయినేడు ఇక్కడ ఒకాయన కొత్తగా చేపల చెరువు తవ్విస్తుంటే పొక్లెయిన్ నడుందాకా దిగబడింది. రెండు ట్రాక్టర్లు, కొత్త నైలాన్ తాడు, ముప్పైమంది జనం, ముప్పై సలహాలు. తాడు తెగి ట్రాక్టరు అద్దం పగిలింది. అప్పుడు గుర్తొచ్చాను. "మిలిటరీ తాతని పిలవండి" అన్నారట. నేను వెళ్ళి ముందు ఆ జనాన్ని గట్టు దిగి అవతలికి పొమ్మన్నాను. పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డ ఆడవాళ్ళు, సెల్‌ఫోన్లలో తీస్తున్న కుర్రాళ్ళు! అరిచి అరిచి నా గొంతు పోయింది. నాలుగు గంటలు తవ్వించాను. తాటి దుంగలు పరిపించాను. లాగడానికి పట్టింది పది నిమిషాలు. చెరువాయన "ఇంతేనా తాతా, దీనికేనా ఇంతసేపు" అన్నాడు. అమ్మమ్మకి రెండు కిలోల రొయ్యలు పంపించాడులే.

యుద్ధంలో ఇంకో ప్రశ్న ఉంటుంది. పది ట్యాంకులు పడి ఉంటే దేన్ని ముందు తేవాలి? కొత్తవాళ్ళు ఘోరంగా దెబ్బతిన్నదాని దగ్గరికి పరిగెడతారు, మనసు అటే లాగుతుంది. తక్కువ దెబ్బ తిన్నదే ముందు. ట్రాకు తెగినది, బురదలో కూచున్నది, గంటలో మళ్ళీ నడిచేది. 1973లో సిరియాతో యుద్ధంలో గోలన్ కొండల మీద ఇజ్రాయెల్ మెకానిక్కులు రాత్రికి రాత్రి బాగుచేసి పంపిన ట్యాంకులే తెల్లారేసరికి మళ్ళీ పోరులో ఉన్నాయని మాకు పాఠం చెప్పేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాళ్ళ టైగర్ ట్యాంకు 57 టన్నులు. దాన్ని లాగడానికి వాళ్ళ 18 టన్నుల తరగతి బండ్లు రెండు మూడు కలిపి కట్టాల్సి వచ్చేది. అవి దొరక్కపోతే తమ ట్యాంకుని తామే పేల్చేసి పోయేవారు. మా ఉస్తాద్ 1965 పాకిస్తాన్ యుద్ధంలో, పంజాబ్‌లోని అసల్ ఉత్తర్‌లో పనిచేసినాయన. ఖేమ్‌కరణ్ వైపు చెరుకు తోటల్లోకి మనవాళ్ళు నీళ్ళు వదిలితే పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు కూరుకుపోయాయి కదా. యుద్ధం అయ్యాక వాటిని భిఖీవిండ్ దగ్గర వరసగా నిలబెట్టారు. జనం చూడ్డానికి వచ్చి ఆ చోటుని ప్యాటన్ నగర్ అన్నారు. "జనం ట్యాంకుల్ని చూశారు, వాటిని అక్కడిదాకా లాక్కొచ్చినవాణ్ణి ఎవడూ చూడలేదు" అని మా ఉస్తాద్ బీడీ పీలుస్తూ నవ్వేవాడు. కోపం కాదు, సరదాగానే.

ఇప్పుడు అసలు సంగతి. ఇది అమ్మమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

1985 జనవరి. పంజాబ్‌లో యుద్ధాభ్యాసం. ఎక్కడ, ఏ దళం అన్నవి నీకక్కర్లేదు. రాత్రి రెండయింది, చేతిలో టార్చి వెలుగు పది అడుగులు దాటని పొగమంచు. ఒక నాలా దాటబోయి టీ-55 ఒకటి దిగబడింది. దాని వెనకే మిగతా ట్యాంకులన్నీ ఆ దారినే పోవాలి, తెల్లారకముందే. అర్థమైందా, వెనకాల ఎన్ని ఇంజన్లు గుర్రుమంటున్నాయో? నేనప్పుడు హవల్దార్‌ని. రికవరీ బండి నాది. నాతో ఒక జాట్ డ్రైవరు, ఇద్దరు క్రాఫ్ట్స్‌మన్లు. అందులో ఒకడు తంజావూరు వైపు కుర్రాడు, ఇరవై ఏళ్ళుంటాయి. అందరం తంబీ అనేవాళ్ళం. చలికి పళ్ళు కొట్టుకుంటున్నా పాట ఆపేవాడు కాదు. మా పైన ఒక లెఫ్టినెంటు సాబ్. వచ్చి రెండు నెలలు.

ట్యాంకు చుట్టూ నీళ్ళు నిలిచి, రెల్లు విరిగి పడి ఉంది. టార్చి వేసి చూశాను. సగం చక్రం దాకా అనిపించింది. కర్ర గుచ్చి లోతు చూడాలి. చూడలేదు. ఎందుకు చూడలేదంటే నీళ్ళు చల్లగా ఉన్నాయి. నలభై ఏళ్ళుగా వెతుకుతున్నాను, అంతకన్నా పెద్ద కారణం దొరకలేదు.

సగం చక్రం అంటే బండి బరువంతే, లెక్క 36 టన్నులు. మా వించి దమ్ము పాతిక టన్నుల ప్రాంతం. ఒక బ్లాకు వేస్తే యాభై, తరుగు పోను నలభై ఐదు. సరిపోతుంది. బ్లాకుని ట్యాంకుకి కట్టాలి. రెండు హుక్కులకీ రెండు టో రోపులు వేసి మధ్యన బ్లాకు తగిలించడం పద్ధతి. ఒక హుక్కు బయటికి కనిపిస్తోంది, రెండోది బురదలో ఉంది. దాన్ని తియ్యాలంటే ఎవడో ఒకడు భుజం దాకా చెయ్యి దించి తవ్వాలి. నేను ఒక్క హుక్కుకే ఒక్క రోపుతో కట్టించాను. ఆ రోపు కూడా ఎప్పుడో మెలికపడి సాపు చేసింది. చూశాను. చూసి కూడా వేశాను.

లెఫ్టినెంటు సాబ్ పక్కకొచ్చి మెల్లగా, "ఉస్తాద్, బురద ఫెండర్ దాకా ఉన్నట్టుంది. రెండో హుక్కు కూడా తవ్వి తీద్దామా?" అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? "సాబ్, ఇది నా పదమూడో చలికాలం" అన్నాను.

అంతే అన్నాను. గౌరవంగానే అన్నాను. కుర్రాళ్ళ ఎదురుగా అన్నాను. ఆయన ముఖం నాకు కనపడలేదు, మంచు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంక మాట్లాడలేదు.

వించి మొదలైంది. తాడు బిగిసింది. ఇంజను గొంతు మారింది. దాన్ని వింటే బరువు తెలుస్తుంది, నీకూ తెలుస్తుంది కొన్నాళ్ళకి. అది 36 టన్నుల గొంతు కాదు. అప్పుడైనా ఆపాలి. ఆపి, తాడు వదులు చేసి, పార పట్టాలి. వెనకాల ఎవరో హారన్ కొట్టారు. నేను "ఇంకొంచెం" అని చెయ్యి ఊపాను. ట్యాంకు కదిలింది. జానెడు. అందరూ "హై!" అని అరిచారు. అది పైకి రావడం కాదమ్మలూ. ఒక్క హుక్కుతో లాగడం వల్ల పక్కకి తిరిగింది, అంతే. తంబీకి ఆ తేడా తెలీదు. కదిలిందన్న సంతోషంలో ట్రాకు కింద దుంగ పెడదామని, ఎవరూ చెప్పకుండానే తాళ్ళ మధ్యలోకి పరిగెత్తాడు. నేను చూశాను. నా చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆపమని కిందికి దించొచ్చు. దించితే ఆ జానెడూ పోతుందనుకున్నాను.

రోపు తెగినప్పుడు పెద్ద చప్పుడేం రాలేదు. కొరడా గాల్లో ఝళిపిస్తే వస్తుందే, అలాంటిది. బ్లాకు ఎగిరొచ్చింది. తంబీ పడిపోయాడు. పాట లేదు, అరుపూ లేదు. నేను పరిగెత్తి టార్చి వేసి వెంటనే తీసేశాను.

చెడిపోయిన బండిని మా పనిలో "క్యాజువల్టీ" అంటాం, నీకు తెలుసు. రేడియోలో "క్యాజువల్టీ! క్యాజువల్టీ!" అని అరిచాను. అవతలివాడు నిద్రమత్తులో, "ఏ బండి? బరువెంత?" అని అడిగాడు.

కుడికాలు మోకాలి కింద తీసేశారు. విచారణ జరిగింది. నా కాగితాల్లో ఎర్రసిరా పడింది, ప్రమోషన్ ఆలస్యమైంది. అది ఒక శిక్ష కిందే లెక్క కాదు. ఆ ట్యాంకుని మర్నాడు మధ్యాహ్నం తీశాం. అప్పుడు కర్ర గుచ్చితే బురద ఫెండర్ పైకే ఉంది. 72 టన్నులు. రెండు గంటలు తవ్వాం, రెండో హుక్కు బయటికి తీశాం, ఇంకో రికవరీ బండి తెచ్చి కలిపి లాగాం. నల్లేరు మీద బండిలా నడిచొచ్చింది. వెనక ఆగిన ట్యాంకులు? రాత్రే వేరే దారిన పోయాయట. అర కిలోమీటరు అవతల గట్టి నేల ఉంది. ఎవరూ వెతకలేదు, అంతే.

తంబీ జైపూర్ కాలు పెట్టించుకున్నాడు. పెళ్ళి చేసుకున్నాడు. ఎస్‌టీడీ బూత్ పెట్టి, తర్వాత దాన్నే సెల్‌ఫోన్ కొట్టు చేశాడు. ప్రతి పొంగల్‌కీ ఫోన్ చేస్తాడు. సంక్రాంతి నాడు పొద్దున్నే నేను వీధరుగు మీద కూచుని అరవం మాట్లాడుతుంటే నువ్వు చిన్నప్పుడు పడీ పడీ నవ్వేదానివి. ఆ ఫోన్లే అవి. ఒకసారి వాడే అన్నాడు, "ఉస్తాద్, మీరు పిలవకుండా లోపలికొచ్చింది నేను కదా" అని. నేను ఫోన్ పెట్టేశాను. మళ్ళీ చెయ్యడానికి రెండు రోజులు పట్టింది.

ఆ లెఫ్టినెంటు సాబ్ పెద్ద ర్యాంకులో రిటైరయ్యారు. అయిదారేళ్ళ క్రితం ఎలాగో నా నంబరు సంపాదించి ఫోన్ చేశారు. ఆరోగ్యాలు, పిల్లలు, పింఛను, అన్నీ అయ్యాక కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత హిందీలో అన్నారు, "ఉస్తాద్, ఆ రాత్రి నేను రెండోసారి అడగలేదు" అని. నేను "సాబ్, తప్పు నాది" అన్నాను. "మీది మీదే. నాది నాదే" అన్నారాయన. గిలక వేస్తే బరువు సగమవుతుంది. దీనికి మాత్రం ముగ్గురం పట్టుకున్నా ఎవరి వంతూ తగ్గలేదు.

ఇంత ఎందుకు రాశానంటే, రేపు నువ్వు ఆ లెఫ్టినెంటువి. నీ ఎదురుగా మీసాలు నెరిసిన నాలాంటివాడు ఒకడు నిలబడి ఉంటాడు. వాడు మంచివాడే అయ్యుంటాడు. వాడికి నీకన్నా వందరెట్లు తెలిసే ఉంటుంది. వాడి దగ్గర నేర్చుకో, వాడి చేత తిట్లు తిను, వాణ్ణి పిలిచేటప్పుడు సుబేదార్ సాబ్ అనడం మర్చిపోకు. కానీ వాడు ఎన్నో చలికాలమో చెప్పాడంటే మాత్రం, అక్కడ ఆగు. వాడికి లెక్క లేదు, అందుకే చలికాలం చెబుతున్నాడు.

కుర్రాళ్ళ ముందు వాణ్ణి కిందపరచకు. అలా చేస్తే బిగుసుకుపోతాడు, నేనైతే బిగుసుకుపోయేవాణ్ణి. పక్కకి పిలువు. టీ ఇప్పించు. "సాబ్, నేను నేర్చుకోవాలి, ఎన్ని టన్నులో ఒకసారి నాకు లెక్క చెప్పండి" అని అడుగు. నోటితో అంకె చెప్పాల్సి వస్తే ఎవడికైనా కర్ర గుచ్చాలని గుర్తొస్తుంది. అప్పటికీ నీళ్ళు చల్లగా ఉన్నాయని వాడు వెనకాడితే, కర్ర నువ్వు తీసుకుని దిగు. ఆఫీసరమ్మ తొడదాకా నీళ్ళలో దిగితే గట్టు మీద నిలబడే మొగాడు ఈఎంఈలో ఉండడు. అంత మాట మాత్రం ఇవ్వగలను. నన్నెవరైనా అలా దిగి సిగ్గుపడేలా చేసుంటే బాగుండేది.

తొందర పెట్టేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఒక్కోసారి ఆ తొందర నిజమైనదే, తుపాకులు పేలుతుంటే నువ్వు నాలుగు గంటలు తవ్వలేవు. అప్పుడేం చెయ్యాలో నేను చెప్పలేను, నేనా అదృష్టం లేనివాణ్ణి, యుద్ధంలో ట్యాంకు లాగలేదు. అభ్యాసాల్లో వచ్చే తొందర మాత్రం తొంభై పాళ్ళు ఒట్టి హారనే. ముందు వేరే దారి ఉందేమో ఒక జీపు పంపి చూడు.

ఎక్కడ నిలబడాలో ఇంకొక్కసారి. వదిలిన తాడు ఎంత పొడుగో అంత దూరం. గిలక దగ్గర రెండు తాళ్ళ మధ్య కోణంలోకి ఎవ్వరూ పోకూడదు. తాడు బిగిసే ముందు మనుషుల్ని లెక్కపెట్టు, వేళ్ళు మడిచి, పేరుపేరునా. నేను ఇప్పటికీ లెక్కపెడతాను. కార్తీకమాసంలో వనభోజనాలకి వ్యాను ఎక్కించేటప్పుడు నేను నాలుగుసార్లు లెక్కపెడుతుంటే మీరంతా "తాతయ్యకి చాదస్తం" అంటారు కదా. సరే, చాదస్తమే.

జుట్టు గట్టిగా ముడేసుకో. టోపీ కింద ఉంటుందిలే అనుకోకు, డ్రమ్ము దగ్గర వంగినప్పుడు టోపీ పడిపోతుంది. పంచలు కండువాలు తగులుకున్న కథలు నూర్పిడి మిషన్ల దగ్గర కావలసినన్ని విన్నాను. తడి మేజోళ్ళతో పడుకోకు. నీళ్ళు తాగు, ట్యాంకుల వాళ్ళు రాజస్థాన్ తీసుకుపోతే దాహం లేకపోయినా తాగు. చలిలో స్టవ్ వెలిగించుకుని బండి తలుపులన్నీ మూసుకుని పడుకునేవాళ్ళుంటారు, వాళ్ళని లేపి తిట్టు. రాత్రిపూట ఆగిన బండి కింద ఎవరన్నా నిద్రపోయారేమో చూడకుండా ఇంజను స్టార్ట్ చెయ్యనివ్వకు. అదిగో, మళ్ళీ మొదలెట్టాను. చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది.

నీ మొదటి లాగుడు అయ్యాక ఫోన్ చెయ్యి. ఎంత లోతు, ఎన్ని తాళ్ళు, ఎవరు సిగ్నల్ ఇచ్చారు, అన్నీ చెప్పాలి. "బాగా జరిగింది తాతయ్యా" అంటే ఒప్పుకోను.

ఇంకో సంగతి. నీకు పోస్టింగ్ వచ్చిందని అమ్మమ్మ వాళ్ళమ్మ ఉంగరం, కెంపు రాయిది, బయటికి తీసింది. నీ వేలి సైజు కనుక్కుని భీమవరం పంపి సరిచేయించాలని దాని హడావుడి. నేను వద్దన్నాను. ఇంజను మీంచి కిందికి దూకేటప్పుడు ఉంగరం ఎక్కడన్నా తగులుకుంటే వేలు దాంతోపాటే పోతుంది, నేను చూశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నిన్న రాత్రి "పోనీ గొలుసులో వేసి మెళ్ళో వేసుకోమంటే?" అంది. గొలుసు కూడా వద్దన్నాను. మళ్ళీ మాటల్లేవు. పొద్దున్న చూస్తే దాన్ని పసుపు గుడ్డలో చుట్టి బీరువాలో నీ చిన్నప్పటి గౌను కింద పెట్టింది. సంక్రాంతికి వస్తావుగా, ఆ మూడు రోజులూ పెట్టుకుందువుగాని.

మీ తాతయ్య